మాటలు వినిపించడం ఆగింది, మా అబ్బాయి మాత్రం మాట్లాడడం లేదు

ప్రశ్న: మా అబ్బాయికి 27 ఏళ్ళు. నాలుగేళ్ళ క్రితం స్కిజోఫ్రెనియా అన్నారు. అప్పట్లో ఎవరో తిడుతున్నట్టు చెవిలో మాటలు వినిపించేవి. ఇంట్లోవాళ్ళమే విషం పెడుతున్నామనేవాడు. మందులు మొదలుపెట్టాక ఆ రెండూ పోయాయి. కానీ మనిషి మాత్రం మునుపటిలా లేడు. పొద్దస్తమానం కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంటాడు. ఏమడిగినా ఒక్క ముక్కలో జవాబు. స్నానానికి నాలుగుసార్లు చెప్పాలి. స్నేహితులు ఫోను చేస్తే తియ్యడు. ఇదంతా బద్ధకమంటారు వాళ్ళ నాన్నగారు. రోజుకు 6 మిల్లీగ్రాముల రిస్పెరిడోన్, దానితోపాటు ట్రైహెక్సీఫెనిడిల్ వాడుతున్నాడు. మూడు వారాల క్రితం డాక్టరుగారు రాత్రిపూట వేసుకోమని మిర్టజపీన్ కలిపారు. అది డిప్రెషన్ మందట. వాడికి దిగులేమీ లేదు, మరి ఈ మందెందుకు? ఇంకా ఏ మార్పూ కనిపించలేదు, మానిపించవచ్చా? ఈ లక్షణాల కోసమే కొత్త మందు వచ్చిందని బంధువులొకరు చెప్పారు, నిజమేనా? రాత్రిళ్ళు చొంగ కారి తలగడ తడిసిపోతోంది. మొన్న వాన మొదలైతే ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చాడు గానీ, మడత పెట్టకుండా మంచం మీద కుప్పగా పడేశాడు. ఇలా ఎన్నాళ్ళు?

జవాబు:

అమ్మా,

ముందు అన్నిటికన్నా తొందరగా తేలవలసిన మాట చెబుతాను. ఆ మాత్ర ఇప్పుడే మానిపించకండి. మూడు వారాలు చాలవు. ఇలాంటి లక్షణాలపై మిర్టజపీన్‌ను పరీక్షించిన అధ్యయనాలు ఎక్కువగా ఆరు నుంచి ఎనిమిది వారాలు నడిచాయి. అంతకాలం చూడకుండా అది పనిచేసిందనీ చెప్పలేం, చెయ్యలేదనీ చెప్పలేం. రిస్పెరిడోన్ సంగతైతే మరీ ముఖ్యం. దాన్ని ఎవరి మాట విన్నా, ఎంత విసుగొచ్చినా మీ అంతట మీరు ఆపవద్దు, తగ్గించవద్దు. ఆ తిట్లను, ఆ అనుమానాలను దూరంగా ఉంచుతున్నది అదే.

ఇక బద్ధకం సంగతి. అబ్బాయి వాళ్ళ నాన్నగారు కూడా ఇది చదివితే బాగుంటుంది. ఈ జబ్బులో రెండు రకాల లక్షణాలుంటాయి. లేనివి వచ్చి చేరేవి ఒక రకం: వినిపించే మాటలు, అనుమానాలు. వాటిని పాజిటివ్ లక్షణాలంటారు. ఉన్నవి తరిగిపోయేవి రెండో రకం. ముఖంలో భావం పలచబడుతుంది, మాట తగ్గుతుంది, పని మొదలుపెట్టే చొరవ పోతుంది, నలుగురితో కలవాలనిపించదు, దేని మీదా ఆశ పుట్టదు. వీటిని నెగటివ్ లక్షణాలంటారు. 1911లో స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లూలర్ ఈ జబ్బు గురించి పుస్తకం రాసినప్పుడే, దీని అసలు స్వరూపంలో ఈ తరుగుదలకు పెద్ద చోటిచ్చాడు. అప్పటికి ఈ మందులేవీ లేవు. కాబట్టి ఇదంతా మందుల వల్లే వచ్చిందనుకోవడమూ సరి కాదు. చాలామందిలో గొంతులు వినిపించడానికి కొన్నేళ్ళ ముందే ఈ తగ్గుదల మొదలవుతుంది. మీ అబ్బాయి చదువు చివరి రోజుల్లో స్నేహితుల నుంచి దూరంగా జరిగాడా అని ఒకసారి గుర్తు చేసుకోండి.

బద్ధకస్తుడికి పని ఇష్టం ఉండదు, కానీ విశ్రాంతిలో సుఖం ఉంటుంది. మీ అబ్బాయి ముఖంలో ఆ సుఖం కనిపిస్తోందా? ఈ జబ్బున్నవారి మీద జరిగిన పరిశోధనల్లో నన్ను బాగా కదిలించిన విషయం ఒకటుంది. ఇష్టమైన పాట చెవిన పడినప్పుడు, నచ్చిన వస్తువు చేతికి వచ్చినప్పుడు ఆ క్షణంలో వీరు పొందే ఆనందం మిగతావారి ఆనందానికి దాదాపు సమానంగానే ఉంటుంది. లోపమున్నది ముందుచూపులో. 'లేచి వెళ్తే బాగుంటుంది' అనే ఊహ వారి మనసులో వెలగదు. ఆ ఊహే మనల్ని కుర్చీలోంచి లేపుతుంది. అది లేనివాణ్ణి లేవలేదని తిట్టడం వల్ల ఆ ఊహ పుట్టదు, ఇంట్లో తిట్లు వినిపించే చోటు ఇంకొకటి పెరుగుతుంది, అంతే.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన మాట దగ్గరికి వస్తాను. తలగడ తడిసిపోతోందన్నారు. మీరు దాన్ని మామూలుగా రాసేశారు, నాకు మాత్రం అది చాలా విలువైన ఆధారం.

ఒక మనిషి నిశ్శబ్దంగా కూర్చున్నాడంటే ఆ నిశ్శబ్దానికి ఒకే కారణం ఉండదు. జబ్బే స్వయంగా మనిషిని అలా చేయవచ్చు. వేరే కారణం వల్ల వచ్చి, బయటికి అచ్చం అలాగే కనిపించనూ వచ్చు. మొదటి రకానికి మన దగ్గర గట్టి మందు లేదు. రెండో రకానికి చాలాసార్లు ఉంది. అందుకే తోడు మందు కలిపే ముందు ఈ రెంటినీ విడదీయాలంటాను. ఈ మెట్టు దాటేసి మాత్ర మీద మాత్ర రాయడం నాకు నచ్చదు.

మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనాల్లో డోపమైన్ ఒకటి. దాన్ని అందుకునే గ్రాహకాలను మూసి రిస్పెరిడోన్ పనిచేస్తుంది. ఈ తరగతి మందులతో వాటిలో మూడింట రెండు వంతులు మూసుకుంటే సాధారణంగా ఫలితం కనిపిస్తుంది. సుమారు 80 శాతానికి చేరితే ఒళ్ళు బిగుసుకుపోవడం మొదలవుతుంది. 6 మిల్లీగ్రాములు అసాధారణమైన మోతాదేమీ కాదు. కానీ ఒకరికి సరిపోయింది మరొకరికి ఎక్కువ కావచ్చు. కండరాలు బిగుసుకున్నప్పుడు ముఖం కదలదు, కనురెప్పలు తక్కువ కొట్టుకుంటాయి, లాలాజలం మింగడం తగ్గి చొంగ కారుతుంది, నడక మందగిస్తుంది. అలా ఉన్నవాణ్ణి చూసి 'వీడికి ఏ భావమూ లేదు' అనుకుంటాం. భావం లోపల ఉండవచ్చు, దాన్ని చూపవలసిన ముఖం బిగుసుకుంది. డాక్టరుగారు ట్రైహెక్సీఫెనిడిల్ రాశారంటే ఈ బిగుతును ఆయన అంతకుముందే గమనించి ఉంటారు. ఆ మాత్ర కూడా ఎక్కువకాలం వాడితే జ్ఞాపకశక్తిని, చురుకుదనాన్ని కొంత మసకబార్చవచ్చు.

మీరు ఇంట్లోనే ఒకటి చూడవచ్చు. గది ఈ చివర నుంచి ఆ చివరికి అబ్బాయి మామూలుగా నడిచి వస్తున్నప్పుడు, పరీక్షిస్తున్నట్టు తెలియనివ్వకుండా, చేతుల వైపు చూడండి. మనం నడిచేటప్పుడు రెండు చేతులూ వాటంతటవే ముందుకూ వెనక్కూ ఊగుతాయి. అతని చేతులు ఒంటికి అతుక్కున్నట్టు ఉన్నాయా? ఒక చెయ్యి ఊగి రెండోది ఊగడం లేదా? వెనక్కి తిరిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు వేస్తున్నాడా? పాత నోటుపుస్తకం ఉంటే అందులోని రాతను, ఇప్పుడు రాయించిన రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి. అక్షరాలు కుంచించుకుపోయాయేమో తెలుస్తుంది. ఇవి కనిపిస్తే డాక్టరుగారికి చెప్పండి. మోతాదు కొద్దిగా తగ్గించడమో, ప్రధాన మందు మార్చడమో ఆయన ఆలోచిస్తారు. కొన్ని ఇళ్ళల్లో ఆ ఒక్క మార్పుతోనే మనిషి తేరుకోవడం నేను చూశాను. అక్కడ తోడు మందు అవసరమే రాలేదు.

'దిగులేమీ లేదు' అన్నారు. అంత ఖాయంగా అనకండి. దిగులు ముఖంలో కనిపించాలంటే ముఖం కదలాలి కదా. పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా అడగండి: 'బతకడం బరువుగా ఉందా? నీ తప్పేదో ఉన్నట్టు అనిపిస్తోందా? తెల్లవారుజామునే మెలకువ వస్తోందా?' అని. భావాలు మొద్దుబారినవాడు ఏమీ అనిపించడం లేదంటాడు, దిగులున్నవాడు బాధగా ఉందంటాడు. ఈ రెంటినీ వేరు చేయడానికే స్కిజోఫ్రెనియా ఉన్నవారి కోసం ప్రత్యేకంగా కాల్గరీ డిప్రెషన్ స్కేల్ అనే ప్రశ్నావళిని తయారుచేశారు. డాక్టరుగారు దాన్ని ఉపయోగించవచ్చు. చచ్చిపోవాలన్న మాట గనక అతని నోట వస్తే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగవద్దు, ఆ రోజే తీసుకెళ్ళండి.

ఫోను ఎందుకు తియ్యడం లేదో కూడా అడగండి. మాట్లాడాలని లేకనా, ఎవరో వింటున్నారని భయమా? భయమైతే అది పాత అనుమానమే మిగిలి ఉన్నట్టు, దాని దారి వేరు. పగలంతా మత్తుగా ఉంటున్నాడా అన్నదీ చూసుకోవాలి.

ఇప్పుడు మిర్టజపీన్ ఎందుకు కలిపారన్న మీ మొదటి ప్రశ్న. మన ప్రధాన మందులు డోపమైన్ పనిని అణచడానికి పుట్టాయి. గొంతులు, అనుమానాల వెనుక ఆ పని ఎక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడ బాగా పనిచేస్తాయి. నెగటివ్ లక్షణాల విషయంలో మెదడు ముందు భాగంలో అదే డోపమైన్ చాలడం లేదన్నది చాలాకాలంగా ఉన్న భావన. ఉన్నదాన్ని అణచే మందు లేనిదాన్ని ఎలా నింపుతుంది? అందుకని సెరటోనిన్, నారడ్రెనలిన్ అనే మరో రెండు సందేశ రసాయనాల దారుల మీద పనిచేసే డిప్రెషన్ మందులను తోడుగా ఇచ్చి చూశారు. మీ డాక్టరుగారు చేసింది వింత ప్రయోగమేమీ కాదు. ప్రపంచమంతటా వైద్యులు చేస్తున్నదే.

ఫలితం ఎంత? 2016లో 82 అధ్యయనాలను, వాటిలోని 3,608 మందిని కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. డిప్రెషన్ మందును తోడుగా కలిపినప్పుడు నెగటివ్ లక్షణాల్లో మేలు కనిపించింది, కానీ చిన్న మేలు. లెక్కల భాషలో దాని పరిమాణం 0.3. దీన్ని ఇలా ఊహించుకోండి. మందు వాడినవారిలో ఒకరిని, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో ఒకరిని చీటీ తీసినట్టు ఎంచి పక్కపక్కన నిలబెట్టారు. ఇలా వంద జంటలను చూస్తే, సుమారు 58 జంటల్లో మందు వాడిన మనిషి మెరుగ్గా ఉంటాడు. మందుకు ఏ శక్తీ లేకపోతే ఆ సంఖ్య 50 ఉండేది. ఆ తేడా 8. అది సున్నా కాదు, దాన్ని తీసిపారేయకూడదు. కానీ నాలుగేళ్ళ క్రితం నాటి కొడుకు ఒక మాత్రతో తిరిగి వస్తాడని మీకు ఆశపెడితే నేను మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. అదే విశ్లేషణలో ఊరట కలిగించే మాట మరొకటుంది: డిప్రెషన్ మందు కలపడం వల్ల గొంతులు, అనుమానాలు తిరగబెట్టడం ఎక్కువ కాలేదు. మీ భయాల్లో అదొకటి అయి ఉంటుందని చెబుతున్నాను.

మందులు కలిపేటప్పుడు జతను చూసుకోవాలి. ఉదాహరణకు ఫ్లూఆక్సెటీన్, పారాక్సెటీన్ అనే డిప్రెషన్ మందులు కాలేయంలో రిస్పెరిడోన్ విచ్ఛిన్నమవడాన్ని అడ్డుకుంటాయి. దాంతో మాత్ర మోతాదు పెంచకపోయినా రక్తంలో రిస్పెరిడోన్ పెరుగుతుంది. ఒళ్ళు బిగుస్తుంది, మనిషి ఇంకా మూగబోతాడు. నెగటివ్ లక్షణాలు ముదిరాయని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. మిర్టజపీన్‌తో ఆ చిక్కు లేదు. దాని చిక్కులు వేరు. నిద్రమత్తు, ఆకలి పెరగడం, బరువు పెరగడం. రిస్పెరిడోన్ కూడా బరువు పెంచే మందే కాబట్టి వారానికొకసారి ఒకే రోజున, ఒకే వేళకు బరువు చూసి రాసిపెట్టండి. చాలా అరుదుగా తెల్ల రక్తకణాలు పడిపోతాయి. జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే మామూలు జలుబని ఊరుకోకుండా వైద్యుడికి చూపించి రక్తపరీక్ష చేయించండి.

బంధువులు చెప్పిన కొత్త మందు గురించి. ఏ మందు పేరు చెప్పారో మీరు రాయలేదు. ఈ రంగంలో ఇలాంటి వార్త కొన్నేళ్ళకొకసారి వస్తూనే ఉంటుంది. గ్లుటమేట్ అనే ఇంకో సందేశ రసాయనం దారిని బాగుచేస్తుందని గ్లైసీన్ మీద ఆశపెట్టుకున్నారు. 2007లో వెలువడిన 16 వారాల పరీక్షలో అది ఉత్తుత్తి మాత్రను మించలేకపోయింది. అదే దారిలో వచ్చిన బిటోపెర్టిన్ చివరి దశ పరీక్షల్లో తేలిపోయింది. మెదడులో వాపును తగ్గిస్తుందని మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను చిన్న అధ్యయనాలు మెచ్చుకున్నాయి. బ్రిటన్‌లో 207 మందికి ఏడాదిపాటు ఇచ్చి చూస్తే 2018 నాటికి లాభం లేదని తేలింది. పిమవాన్‌సెరిన్ మొదటి పరీక్షలో కొద్దిగా మేలు చూపింది, రెండో పెద్ద పరీక్షలో 2024లో విఫలమైంది. రోలుపెరిడోన్ అనే మందుకు ఆమోదం కోరిన దరఖాస్తును అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తిప్పిపంపింది. కేవలం నెగటివ్ లక్షణాల కోసమంటూ ఆ సంస్థ ఆమోదించిన మందు ఇప్పటికీ లేదు. మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి ఇవన్నీ చెప్పడం లేదు. చిన్న పరీక్షలో బాగా కనిపించింది పెద్ద పరీక్షలో నిలబడకపోవడం ఇక్కడ ఎన్నిసార్లు జరిగిందో తెలిస్తే, ఎవరో చెప్పారని డబ్బు, ఆశ ఒకేసారి ధారపోయరని నా ఉద్దేశం.

బంధువులు చెప్పింది కారిప్రజీన్ అయితే మాత్రం అందులో కొంత నిజముంది. 2017లో వెలువడిన 26 వారాల పరీక్షలో, నెగటివ్ లక్షణాలే ప్రధానంగా ఉన్న 461 మందిలో సగం మందికి కారిప్రజీన్, సగం మందికి రిస్పెరిడోన్ ఇచ్చారు. కారిప్రజీన్ వాడినవారు కొంచెం ఎక్కువ మెరుగయ్యారు, రోజువారీ జీవితంలో కూడా. తేడా ఇక్కడా సుమారు 0.3 దగ్గరే ఉంది. ఆ పరీక్ష జరిపింది తయారీదారులేనన్నది గుర్తుంచుకోవాలి. పైగా అది తోడుగా కలిపి చేసిన పరీక్ష కాదు, ఒకదానికి బదులు మరొకటి ఇచ్చి చేసినది. మీ అబ్బాయి విషయంలో అలా మార్చాలంటే పాతది మెల్లగా తగ్గిస్తూ కొత్తది మెల్లగా పెంచాలి, ఆ వారాల్లో గొంతులు తిరిగి వస్తాయేమో కనిపెట్టుకుని ఉండాలి. కూర్చోనివ్వని, నిలవనివ్వని అసహనం దానితో కొందరికి వస్తుంది. తక్కువ మోతాదులో అమిసల్‌ప్రైడ్‌కు కూడా ఈ లక్షణాల్లో కొంత ఆధారం ఉంది. నడక, చొంగ విషయం తేలాక, 'రిస్పెరిడోన్‌కు బదులు మరొకటి ఆలోచించవచ్చా' అని డాక్టరుగారిని అడగడంలో తప్పేమీ లేదు. ఆయన మీద నమ్మకం లేనట్టు కాదది.

ఇప్పుడున్న మాత్రను ఎలా పరీక్షించాలో చెబుతాను. తోడు మందు విషయంలో నేను పట్టుదలగా ఉండేది ఇక్కడే. మొదలుపెట్టిన రోజునే 'దేనికోసం, ఎప్పటిదాకా' అన్నవి రాసుకోవాలి. అలా రాసుకోకపోతే ఆ మాత్ర ఎందుకు వచ్చిందో అందరూ మరచిపోతారు, మందుల చీటీలో మాత్రం ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. రోజుకు తొమ్మిది మాత్రలు వేసుకునే మనిషి నా దగ్గరికి వచ్చినప్పుడు, వాటిలో నాలుగు ఎవరు, ఎందుకు మొదలుపెట్టారో ఇంట్లో ఒక్కరూ చెప్పలేకపోయిన సందర్భాలున్నాయి.

మూడు వారాలు గడిచాయి, ఫరవాలేదు, ఇవాళ రాయండి. 'బాగవ్వాలి' అని రాయకండి, దాన్ని కొలవలేం. స్నానానికి ఎన్నిసార్లు చెప్పవలసి వచ్చింది? ఇప్పుడు నాలుగు. అడగకుండా తనంతట తాను రోజుకు ఎన్ని మాటలు మొదలుపెట్టాడు? కుర్చీలోంచి లేచి గది దాటి ఎన్నిసార్లు వచ్చాడు? వీటిలో ఒకటో రెండో చాలు. రోజూ రాత్రి ఒక్క వరుస. మొత్తం ఎనిమిది వారాలు నిండేదాకా ఇంకే మందూ మార్చకుండా ఉంటే మంచిది, రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. బిగుతు మరీ ఎక్కువగా ఉంటే ముందు దాని సంగతే చూడాలి, ఆ నిర్ణయం డాక్టరుగారిది. ఎనిమిది వారాలకు నాలుగుసార్లు చెప్పడం రెండుసార్లకు తగ్గితే అది నిజమైన లాభం, మాత్ర ఉంచమనండి. ఏమీ మారకపోతే మెల్లగా తగ్గించి ఆపేయమని మీరే అడగండి. పనిచేయని మందును ఆపడం కూడా వైద్యమే.

మాత్ర ఏ కొంచెం వెసులుబాటు ఇచ్చినా, దాన్ని వాడుకునే పని ఇంట్లో ఉండాలి. రోజంతా కుర్చీ, కిటికీ తప్ప మరేమీ లేని మనిషిలో చొరవ పెరిగినా అది దేని మీద వాలుతుంది? 'పో, ఏదో ఒకటి చెయ్యి' అనకుండా, 'రా, ఇది నాతో కలిసి పట్టుకో' అనండి. పది నిమిషాల పని, రోజూ ఒకే వేళకు. చేశాక 'అనుకున్నదానికంటే ఎలా అనిపించింది?' అని అడగండి. ముందు 'బాగుండదు' అనుకున్నది చేశాక బాగానే ఉందని అతనికి అతనే గమనించుకోవాలి, ఇందాక చెప్పిన ఆ వెలగని ఊహకు అదే అభ్యాసం. ఇదే పద్ధతిలో మాటల వైద్యం కూడా ఉంది. అమెరికాలో 60 మందితో 18 నెలలు చేసిన ఒక అధ్యయనం 2012లో వెలువడింది. చాలాకాలంగా జీవితం స్తంభించిపోయినవారిలో కూడా చొరవ, రోజువారీ పనితీరు మెరుగయ్యాయి. అందుబాటులో ఉన్న సైకాలజిస్టు గురించి మీ డాక్టరుగారిని అడగండి.

ఎన్నాళ్ళు అని అడిగారు. నెలల్లో చెప్పలేను, కానీ మొదలు ఎక్కడో మీ ఉత్తరంలోనే ఉంది. వాన మొదలైంది. ఎవరూ చెప్పలేదు. బట్టలు తడుస్తాయని ఆ అబ్బాయికి తోచింది, కుర్చీలోంచి లేచాడు, బయటికి వెళ్ళాడు, అన్నీ తీసి లోపలికి తెచ్చాడు. ముందు జరగబోయేది ఊహించి, దానికోసం కదిలాడు. మీరు దాన్ని మడత పెట్టని ఫిర్యాదుగా రాశారు. నాలుగేళ్ళ అలసట అలా రాయించింది, నాకు తెలుసు. ఆ కాగితంలో మొదటి వరుసగా తేదీ వేసి ఆ సంగతి రాయండి. ఈసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు నడక గురించి, తలగడ గురించి చెప్పి, ఆ కాగితం ఆయన చేతికివ్వండి.